పొలంలో బూజు అంతా పగోడు కాదు

(సంఘం మండల స్థాయి రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను బూజు గురించి మాట్లాడమన్నారని చెబితే ఇంట్లోవాళ్ళు నవ్వారు. గిట్టుబాటు ధర గురించో, సోమశిల నీళ్ళ గురించో మాట్లాడాల్సిన సభలో బూజేంది, పుట్టగొడుగేంది అన్నారు. నేను పదో తరగతి దాకా చదివినవాణ్ణి. శాస్త్రవేత్తను కాను. ముప్పై ఏళ్ళకు పైగా కయ్యల్లో తిరిగినవాణ్ణి. ఈ సంగతి ఎందుకు ఎత్తుకున్నానో ముందు చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

కొన్నేళ్ళ కిందట నాలుగెకరాలు కౌలుకు తీసుకుని బి.పి.టి. నాటాను. పుష్య మాసం మంచు. పైరు పచ్చగా, గాలికి ఊగుతా ఉంది. ఇంకాస్త ఏపుగా రావాలని ఇంకో దఫా యూరియా చల్లాను. వెన్నులు బయటికొచ్చినాక చూస్తే మెడల దగ్గర నల్లగా మారి విరిగిపోతున్నాయి. పరుగున మందుల అంగడికి పోయాను. ఆయన మూడు డబ్బాలు చేతిలో పెట్టాడు. మూడూ కలిపి కొట్టాను. నాలుగు రోజులకు మళ్ళీ కొట్టాను. ఎకరాకు నాలుగు పుట్లు వస్తాయనుకున్న చోట పుట్టిన్నర కూడా రాలేదు. కౌలు మాత్రం పూర్తిగా కట్టాను.

ఆ కోపంతో తర్వాత ఏడు మన ఊరి సమావేశంలోనే, 'తెగులు మందులన్నీ కంపెనీల మోసం, ఒక్క చుక్క కొట్టొద్దు' అని గట్టిగా మాట్లాడాను. మీలో చాలామంది చప్పట్లు కొట్టారు. నా మాట నమ్మి ఒక కౌలు రైతన్న ఆకుల మీద మచ్చలు కనిపించినా మందు కొట్టలేదు. ఆయన పైరు మెడ విరిగింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. 'నువ్వు చెప్పావు గదన్నా, నిజమే అనుకున్నా' అన్నాడు, అంతే. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనీలేదు.

అంగడివాడి మాట విని ఒకసారి నష్టపోయాను. నినాదాన్ని నమ్మి, నమ్మించి ఇంకొకరిని నష్టపెట్టాను. రెండుసార్లూ నాకు తెలియనిది ఒక్కటే, ఆ బూజు ఎట్లా బతుకుతుందనేది. అప్పటినుంచి వ్యవసాయ పరిశోధనా స్థానం వాళ్ళను, చదువుకున్న పిల్లలను అడిగి అడిగి తెలుసుకున్నాను. అదే ఈరోజు మీ ముందు పెడతాను.

అగ్గి తెగులు ఎట్లా లోపలికి దూరుతుంది

అగ్గి తెగులు తెచ్చేది ఒక శిలీంధ్రం, అంటే బూజు జాతి. దాని విత్తనం లాంటి కణం గాలిలో తేలి వచ్చి ఆకు మీద పడుతుంది. ఆకు మీద మంచు తడి చాలాసేపు ఉంటేనే మొలకెత్తుతుంది. అందుకే మనకు మార్గశిరం, పుష్యం నెలల్లో, రాత్రి చలి, పొద్దున మంచు, పగలు మబ్బు ఉన్నప్పుడు ఈ తెగులు విజృంభిస్తుంది.

మొలకెత్తినాక అది ఆకు మీద చిన్న బుడిపెలాగా తయారై, లోపల ఒత్తిడి పెంచుకుంటుంది. ఆ ఒత్తిడి లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడికి దాదాపు పది రెట్లు ఉంటుందని శాస్త్రవేత్తలు కొలిచారు. ఆ బలంతో ఆకు పొరను మేకులాగా పొడిచి లోపలికి దూరుతుంది. అంత ఒత్తిడి లోపల నిలబడేటట్టు చేసేది దాని గోడలో ఉండే ఒక నల్ల రంగు పదార్థం.

మనం కొట్టే ట్రైసైక్లజోల్ చేసే పని ఆ నల్ల పదార్థం తయారు కాకుండా అడ్డుకోవడమే. అది లేకపోతే బుడిపెకు ఒత్తిడి చాలదు, లోపలికి దూరలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆ మందు ప్రధానంగా తలుపు దగ్గర కాపలా కాసేది. దొంగ ఇంట్లో దూరి పెట్టె ఎత్తుకుపోయినాక తలుపుకు తాళం వేస్తే ఏం లాభం? నేను వెన్ను విరిగినాక కొట్టాను, అందుకే పని చేయలేదు. ఆకుల మీద నూలు కండె ఆకారపు మచ్చలు, అంటే మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు ఉన్న మచ్చలు కనిపించిన తొలి రోజుల్లోనే కొట్టి ఉంటే, వెన్ను బయటికొచ్చే ముందు ఇంకోసారి చూసుకుని ఉంటే, చాలా పంట నిలబడేది. లీటరు నీటికి 0.6 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీళ్ళకు 120 గ్రాములు. మూడు డబ్బాలు కలపాల్సిన పనే లేదు.

ఇంకో మాట. ఆకులు ఎండిపోయే ప్రతి తెగులూ బూజు కాదు. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులుకు బూజు మందు ఎంత కొట్టినా దండగే. మిరపలో ముడత తెచ్చేవి పురుగులు, వైరసులు. జబ్బేదో తెలియకుండా డబ్బా కొనొద్దు. ఆకును తీసుకుపోయి చూపించి, పేరు రాయించుకోండి.

ఒకే విత్తనం ఊరంతా వద్దు

యూరియా ఎక్కువైతే ఆకు మెత్తబడి అగ్గి తెగులుకు విందు భోజనం అవుతుంది. తెగులు కనిపించినప్పుడు పైపాటు యూరియా ఆపాలి. ఇది పైసా ఖర్చు లేని మందు.

రెండోది విత్తనం. బి.పి.టి. 5204 బియ్యం బాగుంటాయి, ధర ఉంటుంది. కానీ అగ్గి తెగులుకు తట్టుకోదు. మన నెల్లూరు పరిశోధనా స్థానం ఇచ్చిన ఎన్.ఎల్.ఆర్. 34449, మనం నెల్లూరు మషూరి అనేది, ఈ తెగులును బాగా తట్టుకుంటుందనే మన రైతులు పెద్ద ఎత్తున వేస్తున్నారు. మన పన్నులతో నడిచే సర్కారు స్థానంలో పుట్టిన విత్తనం అది. ఏ కంపెనీ సొత్తూ కాదు, రైతు తన పంట నుంచి తీసి మళ్ళీ నాటుకోవచ్చు.

అయితే అది కూడా ఊరంతా ఒక్కటే వేస్తే ప్రమాదమే. ఆ బూజులో కూడా రకాలున్నాయి. వందల ఎకరాల్లో ఒకే విత్తనం ఉంటే, దాని తాళం తీయగల రకం ఏదో ఒకరోజు పుడుతుంది. చైనాలో యున్నాన్ రాష్ట్రంలో 1998, 1999 సంవత్సరాల్లో వేలమంది రైతులు కలిసి ఒక పని చేశారు. అగ్గి తెగులుకు లొంగిపోయే బంక వరిని, తట్టుకునే సంకర వరి సాళ్ళ మధ్యలో నాటారు. విడిగా వేసిన దానితో పోలిస్తే బంక వరిలో తెగులు తీవ్రత 94 శాతం తగ్గింది. రెండో ఏడు చివరికి ఆకులకు బూజు మందు కొట్టడమే మానేశారు. వాళ్ళది చేతి కోత, మనది మిషను కోత. ఒకే కయ్యలో రెండు రకాలు మనకు కుదరదు. కానీ ఒక ఆయకట్టు కింద రైతులంతా కూర్చుని, ఎవరి కయ్యలో ఏ రకమో మాట్లాడుకుని, మూడు నాలుగు రకాలు పంచుకోవచ్చు గదా? ఆ పని ఒక్క రైతు వల్ల కాదు, సంఘం పూనుకుంటేనే అవుతుంది.

మనకు చాకిరీ చేసే బూజులు

ఇప్పటిదాకా పగవాడి గురించి చెప్పాను. ఇప్పుడు చుట్టాల గురించి.

లోకంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన శిలీంధ్రాలు సుమారు లక్షన్నర రకాలు. అసలు ఉన్నవి 22 లక్షల నుంచి 38 లక్షల రకాలు ఉంటాయని 2017లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఇన్నింటిలో మన పంటలకు తెగులు తెచ్చేవి కొద్ది భాగమే. మిగిలినవి ఏం చేస్తున్నాయి?

తొలకరి వానలు పడి ఉరుములు ఉరిమినాక చెదల పుట్టల మీద పుట్టగొడుగులు వస్తాయి. చిన్నప్పుడు మా ఊరి చివర యానాది కాలనీలో ఒక పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. ఏది తినేది, ఏది కుక్కగొడుగు, ఏ పుట్ట మీద ఏ వానకు వస్తుంది అన్నీ చెప్పేవాడు. బడికి పోని ఆయన నాకు నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదు. ఆ పుట్టలో జరిగేది ఏమిటంటే, చెదలు సేద్యం చేస్తాయి. ఎండుగడ్డి, పుల్ల, ఆకు తెచ్చి లోపల గూళ్ళు కట్టి, వాటి మీద బూజును పెంచుతాయి. చెదలు అరిగించుకోలేని కట్టెను ఆ బూజు మెత్తబరుస్తుంది, దాన్ని చెదలు తింటాయి. వానలకు అదే బూజు గొడుగై బయటికొస్తుంది. మనిషి నాగలి పట్టక ముందు నుంచే సాగుతున్న సేద్యం అది. గట్ల మీద, పోరంబోకుల్లో ఉన్న ఆ పుట్టలను పొక్లెయిన్ పెట్టి చదును చేసి, చేపల గుంటలు, రొయ్యల గుంటలు తవ్వేశాం. ఇప్పుడు పుట్టగొడుగులు మందపాటి కాయితం డబ్బాలో కొనుక్కుంటున్నాం. ఒక హెచ్చరిక. తెలియని గొడుగును ఎవరూ నోట్లో పెట్టుకోవద్దు. ప్రాణం తీసేవి కూడా ఉన్నాయి. తెలిసిన పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిన విద్య అది.

వరిగడ్డి సంగతి చూడండి. ఆ గడ్డిని కుళ్ళబెట్టి మట్టిలో కలిపే పనిలో ముందు వరసలో ఉండేవి బూజులే. మిషను కోత వచ్చినాక వామి వేసేవాళ్ళు తగ్గారు, అగ్గిపుల్ల గీసేవాళ్ళు ఎక్కువయ్యారు. అగ్గి పెడితే గడ్డిలోని నత్రజని దాదాపంతా పొగలో పోతుంది, పై మట్టిలో ఉన్న మంచి బూజులు కూడా మాడిపోతాయి. ఆ తర్వాత మళ్ళీ అప్పు చేసి యూరియా బస్తా తెచ్చి చల్లుతాం.

ఇసుక నేలల్లో వేరుశనగ వేసేవాళ్ళు, సరుగుడు తోపులున్నవాళ్ళు ఇది వినండి. మైకోరైజా అనే బూజు మొక్క వేరులో కాపురం పెడుతుంది. వేరు చేరలేని చోటికి తన సన్నటి దారాలు పంపి, భాస్వరాన్ని తెచ్చి మొక్కకు ఇస్తుంది. బదులుగా మొక్క తాను తయారు చేసిన చక్కెర ఇస్తుంది. సముద్రపొడ్డున ఒట్టి ఇసుకలో సరుగుడు అంత ఏపుగా ఎట్లా పెరుగుతుందని అడుగుతారు గదా? దాని వేళ్ళలో నత్రజని పట్టిచ్చే ఫ్రాంకియా అనే బాక్టీరియా ఉంది, భాస్వరం తెచ్చే ఈ బూజూ ఉంది. రెండు పాలేర్లు పని చేస్తున్నారు. మనమేమో నేలలో భాస్వరం ఎంతుందో చూడకుండా ఏటా డి.ఏ.పి. గుమ్మరిస్తాం. భాస్వరం తేరగా దొరికితే మొక్క ఆ బూజును దగ్గరికి రానివ్వదు. అంటే డబ్బులిచ్చి మరీ జీతం లేని పాలేరును వెళ్ళగొడుతున్నాం. డి.ఏ.పి. పూర్తిగా మానమని నేను చెప్పడం లేదు. ఒకసారి నినాదంతో దెబ్బ తిన్నాను. మట్టి పరీక్ష చేయించి, చాలినంతే వేయండి అంటున్నాను.

బూజును తినే బూజు కూడా ఉంది. ట్రైకోడెర్మా. వేరుశనగలో మొదలు కుళ్ళు, కాండం కుళ్ళు తెచ్చే బూజులను చుట్టుకుని, పీల్చి చంపుతుంది. కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టించొచ్చు. పొలానికైతే 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేప పిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్ళు చిలకరించి, చెట్టు నీడన గోనె పట్టా కప్పి వారం పది రోజులు ఉంచితే తెల్లటి, పచ్చటి బూజు అల్లుకుంటుంది. దాన్ని తడి నేలలో చల్లాలి. ఎండలో, పొడి దుక్కిలో చల్లితే చచ్చిపోతుంది. తారీకు దాటిన ప్యాకెట్టులో ఉండేది ఒట్టి పొడే. రసాయన బూజు మందుతో కలిపి వాడితే మన చేత్తో మనమే దాన్ని చంపినట్టు.

కళ్ళంలో, గుంటలో

కోత అయినాక కూడా బూజు వదలదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో ఒక బూజు వదిలిన విషం ఉందని తేలింది. దాని పేరు అఫ్లాటాక్సిన్. 1974లో మన దేశంలోనే రాజస్థాన్, గుజరాత్‌లలో బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా పేదలు చనిపోయారు. ఈ విషం వండినా పోదు. బూజు పట్టిన చెక్క గేదెకు పెడితే పాలలోకి వస్తుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు.

ఐరోపా దేశాలు నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే ఒప్పుకోవు. అక్కడ సరుకు తిరగ్గొడితే ఇక్కడ మన ధర పడుతుంది. చివరి నెలలో నీటి ఎద్దడి, కాయలకు దెబ్బ తగలడం, ఆరబెట్టడంలో ఆలస్యం, ఈ మూడే ముఖ్య కారణాలు. పీకిన చెట్లను కాయలు పైకి ఉండేటట్టు ఎండనివ్వండి. కాయ ఊపితే గలగలమనాలి, గింజలో తేమ 9 శాతం దాటకూడదు. మిషనులో వొలిచేముందు కాయల మీద నీళ్ళు చల్లే అలవాటు మానండి. అది చేజేతులా బూజును పిలవడమే.

వడ్లకు కూడా ఇదే బాధ. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటితే, రంగు మారిన, దెబ్బతిన్న గింజ 5 శాతం దాటితే పక్కన పెడతారు. మిషను కోసిన పచ్చి వడ్లను రోడ్డు మీద కుప్ప పోసి, గోతాల కోసం, లారీ కోసం రోజుల తరబడి కాచుకుంటే కుప్ప లోపల వేడెక్కి, బూజు పట్టి, రంగు మారుతుంది. అప్పుడు ఆ రంగు చూపించి పుట్టికి ఇన్ని కిలోలని తరుగు కోస్తారు. ఆ బూజును పెంచింది రైతా, ఆలస్యమా? ఇది మనం గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

గుంటలున్న సోదరులకు ఒక మాట. వనామీ రొయ్య ఎదగకుండా, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా ఉండిపోయే ఈ.హెచ్.పి. జబ్బు తెచ్చేది కూడా శిలీంధ్రాలకు దగ్గరి చుట్టమే. 2009లో థాయిలాండులో దానికి పేరు పెట్టారు. దాన్ని నయం చేసే మందు లేదు. ఉందని అమ్మేవాణ్ణి నమ్మొద్దు. పిల్ల కొనేముందు పి.సి.ఆర్. పరీక్ష, పంటకూ పంటకూ మధ్య గుంట పూర్తిగా ఎండబెట్టడం, హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం వేసి దున్ని తడపడం, ఇవే దారులు. పక్క గుంటవాడు జబ్బు నీళ్ళను కాలవలోకి వదిలితే మన జాగ్రత్త అంతా వృథా.

కలిసి చేస్తేనే

వందేళ్ళ పైచిలుకు కిందట గోదావరి డెల్టాలో తాటిచెట్లకు మొవ్వు కుళ్ళు పట్టింది. బట్లర్ అనే శాస్త్రవేత్త పరిశోధించి కారణం కనిపెట్టాడు. అప్పుడు దాన్ని బూజు అనే అన్నారు, నేటి శాస్త్రం దాన్ని పక్క జాతిలో పెట్టింది. జబ్బు చెట్ల తలలు నరికి కాల్చే పని ఊరూరా పెట్టారు. అందులో మనకున్న పాఠం ఏమంటే, గాలికీ నీటికీ గట్లు అడ్డం కావు. నా కయ్యలో తెగులు నీ కయ్యకు వస్తుంది. ధర కోసం ఎట్లా కలిసి కూర్చుంటామో, తెగులు కోసం కూడా అట్లాగే కూర్చోవాలి.

అందుకే ఈ సభ ముందు కొన్ని సంగతులు పెడుతున్నాను. మొదటిది, నాట్లకు ముందే ఆయకట్టు వారీగా విత్తనాల పంపకం మాట్లాడుకుందాం. రెండోది, మార్గశిరం నుంచి ప్రతి ఊరిలో ఇద్దరు యువకులు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు వారానికి రెండుసార్లు కయ్యలు తిరిగి, మచ్చ కనబడిన రోజే అందరికీ ఫోను చేయాలి. మూడోది, సర్కారును అడుగుదాం. రైతు సేవా కేంద్రంలో నమ్మకమైన, తారీకు దాటని ట్రైకోడెర్మా దొరకాలి. కళ్ళాలు, పట్టలు, తేమ కొలిచే యంత్రం కోత మొదలయ్యే ముందే రావాలి. నాలుగోది, 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరక్కనే ఎంతోమంది పంట నమోదుకు, బీమాకు దూరంగా ఉండిపోతున్నారు. తెగులు మాత్రం కార్డు అడిగి రాదు. సంతకం లేకపోయినా సాగు చేసేవాణ్ణి గుర్తించే పద్ధతి కావాలి.

చివరగా, నా మాట విని నష్టపోయిన ఆ అన్న ఈరోజు ఇక్కడే మూడో వరసలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. పోయిన సీజనులో ఆయనా నేనూ కలిసి వారం వారం కయ్యలు తిరిగాం. నెల్లూరు మషూరి వేశాం, యూరియా తగ్గించాం, ఒక్కసారే, వేళకు మందు కొట్టాం. ఎకరాకు మూడున్నర పుట్లు వచ్చాయి. గొప్ప పంటేం కాదు. అప్పు మాత్రం పెరగలేదు.

నేను చెప్పానని ఎవరూ ఏదీ చేయొద్దు. రేపు పొద్దున మంచు ఆరకముందే కయ్యలో దిగి, నాలుగు ఆకులు తిరగేసి చూడండి. చూసింది పది మందికి చెప్పండి.